సాక్షి గడిలో అమ్మ పేరు

మా స్త్రీల కూటానికి ఒక నోటుబుక్కు ఉంది. నీలం అట్ట, మూలలు నలిగిపోయాయి. ప్రతి శనివారం ఎవరింట్లో కూటమైతే ఆ ఇంటి చాప మీద కూర్చుని లీలా పిన్ని దాన్ని ఒళ్ళో తెరుస్తుంది. "నీ ప్రార్థన అంశం ఏటమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగి, తేదీ వేసి రాస్తుంది. ఒకరి మోకాలి నొప్పి, ఒకరి కొడుకు తాగుడు, ఒకరి కోడలి అలక. ప్రార్థన ఫలించిందంటే ఆ అంశం మీద ఎర్ర గీత పడుతుంది. పుస్తకం మూసే ముందు పిన్ని తప్పకుండా ఒక మాట అంటుంది: "ఇక్కడ సెప్పుకున్నది ఈ గుమ్మం దాటకూడదు తల్లీ."

ఏడేళ్ళు ఆ మాట విన్నాను. నమ్మాను కూడా. నాకున్న తెలివి అంత.

ఆ పుస్తకంలో ఫిబ్రవరి రెండో శనివారం కింద నా అంశం ఉంటుంది. "జెనీ. డ్యూటీలో భయం. చేతులు వణుకుతాయి. ఎదుటివాళ్ళు చెప్పింది సరిగ్గా విన్నానో లేదో అని అనుమానం." మాటలు నావి, చేతిరాత లీలా పిన్నిది.

నేను నర్సుని. ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మా ఇంటి నుంచి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కితే పావుగంటలో చేరే ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. నా భయం గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది కానీ చెబుతాను. మందుల ట్రాలీ దగ్గరికి వెళ్ళగానే మొదలవుతుంది. సీసా మీద పేరు మూడుసార్లు చదువుతాను. డాక్టరు "ఐదు" అంటే, "ఐదేనా సర్" అని అడిగి, ఆయన వెళ్ళిపోయాక "ఐదే అన్నారు కదా" అని ఆయాని అడుగుతాను. డ్యూటీ అయిపోయి టోటోలో సగం దూరం వచ్చాక అనుమానం పట్టుకుంటుంది. ఎవరికో ఏదో ఇవ్వలేదేమో, ఇచ్చిందే మళ్ళీ ఇచ్చానేమో అని. రెండుసార్లు టోటో వెనక్కి తిప్పించాను. రెండుసార్లూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా భయం పోలేదు. తప్పు చేసినవాళ్ళకు భయం పోతుందేమో కానీ, చేయనివాళ్ళకు పోదు.

లీలావతి పిన్ని మా వార్డు ఇన్‌చార్జి. నాకు సొంత పిన్ని కాదు. అమ్మని "అప్పా" అని, అంటే అక్కా అని, పిలుస్తుంది కాబట్టి నాకు పిన్ని అయింది. నాకు పని నేర్పింది ఆవిడే. ట్రాలీ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, నాలుగు శ్వాసల సేపు ప్రార్థించి మొదలుపెట్టమని నేర్పింది కూడా ఆవిడే. కరోనా వచ్చిన ఏడాది మా నాన్న కృపారావు పోయినప్పుడు ఇరుగూ పొరుగూ గుమ్మం దగ్గరికి రాలేదు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు ఫోన్లో ఏడ్చారు. లీలా పిన్ని మాత్రం వచ్చి, నాన్న ఒళ్ళు తుడిచి, తెల్ల చొక్కా వేసి పంపింది. అందుకని మా అమ్మ రాహేలమ్మకి ప్రభువు తరవాత లీలే.

ఇదంతా మొదలైన శనివారం కూటం మా ఇంట్లో. నాకు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా డ్యూటీ. పొద్దుటి డ్యూటీ పిన్నిది. రెండు కొట్టగానే హడావిడిగా నాలుగు మాటల్లో వార్డు అప్పజెప్పి, "అప్ప ఒక్కర్తీ గారెలు సెయ్యలేదు, నేను పోతన్నాను" అని వెళ్ళిపోయింది.

నేను చార్టులు చూసుకుంటూ వచ్చాను. ఆరో నంబరు బెడ్డు సింహాచలమ్మ. రైల్వే ఖలాసీ భార్య, చక్కెర జబ్బు, కాలికి పుండు. స్కాన్‌కి తీసుకెళ్ళడం వల్ల ఆవిడ భోజనం ఆలస్యమైంది. అప్పుడే తిని మగతగా పడుకుంది. భోజనానికి ముందు పడాల్సిన ఇన్సులిన్ గడి మాత్రం ఖాళీగా ఉంది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే చక్కెర రెండొందల పది. ఇంకొక నర్సైతే గడి ఖాళీగా ఉంది కదా అని ఇచ్చేసేది. నాది పిరికి ప్రాణం కాబట్టి పిన్నికి ఫోన్ చేశాను.

ఎత్తింది అమ్మ. "దాని సేతులు పిండిలో ఉన్నాయే. ఉండు, ఫోను పెద్దగా ఎట్టి పట్టుకుంటాను."

"పిన్నీ, ఆరో బెడ్డుకి ఇన్సులిన్ ఇచ్చేసినావా? గడి ఖాళీగా ఉంది."

"లేదమ్మా, స్కాన్‌కి ఎల్లినాది కదా. నువ్వు ఇచ్చెయ్. కంగారు పడకు, ప్రార్థన సేసుకొని ఇచ్చెయ్."

"జెనీ, వొచ్చేటప్పుడు కరేపాకు తే," అంది అమ్మ మధ్యలో దూరి.

నేను ట్రాలీ మీద చెయ్యి పెట్టి, నాలుగు శ్వాసలు తీసుకుని, పది యూనిట్లు ఇచ్చి, గడి నింపి సంతకం పెట్టాను.

నాలుగు దాటాక సింహాచలమ్మకి చెమటలు పట్టాయి. పిలిస్తే ఒడియా, తెలుగు కలిపి ఏదో గొణిగింది. చక్కెర నలభై ఒకటి. డాక్టరు పరిగెత్తుకొచ్చేలోపే నేను గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టాను. చిత్రం ఏమిటంటే అప్పుడు నా చేతులు వణకలేదు. అరగంటకి ఆవిడ కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టి, మంచినీళ్ళడిగింది.

రాత్రి డ్యూటీ దిగబోతూ ఆవిడ దగ్గరికెళ్ళాను. "పది యూనిట్లకి ఇంత పడిపోవడం ఏటో మామ్మా," అన్నాను.

"పదేటే? నీకన్నా ముందల ఆ పెద్ద నర్సమ్మ పొడిసినాది కదే, నేను తిండికి కూసున్నప్పుడు. మళ్ళీ నువ్వు పొడిసినావు. రోజుకి పదిసార్లు పొడుస్తారు, నాకేటి తెలుస్తాది ఏది దేనికో?"

బయటికొచ్చి పిన్నికి ఫోన్ చేశాను. సింహాచలమ్మ అన్న మాట చెప్పాను. పిన్ని, "ఇప్పుడేటీ రాయకు. రేపు మాట్లాడుకుందాం. ప్రార్థన సెయ్," అంది.

మరిచిపోవడాన్ని నేను క్షమించగలను. మరుపు ఎవరికైనా వస్తుంది, దాని భయంతోనే నేను బతుకుతున్నాను. ఇచ్చాను, రాయడం మరిచాను, నువ్వు అడిగినప్పుడు గారెల గోలలో తప్పు చెప్పాను అని పిన్ని ఒక్క మాట అని ఉంటే నేనే ఆవిడ తరఫున మేనేజరు కాళ్ళు పట్టుకునేదాన్ని.

సోమవారం మేనేజరు బిస్వాస్ బాబు మా ఇద్దరినీ గదికి పిలిచాడు. పిన్ని నాకంటే ముందే వెళ్ళి కూర్చుంది. "అమ్మాయి చాలా మంచిది," అని బంగ్లాలో మొదలుపెట్టింది. "ఇన్సులిన్ నేను ఇచ్చాను, గడి నింపడం మరిచాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కానీ ఫోన్ చేసినప్పుడు స్పష్టంగా చెప్పాను, ఇచ్చేశాను, మళ్ళీ ఇవ్వొద్దు అని. పాపం, ఈ పిల్ల కంగారులో ఒకటి వింటే ఇంకోటి చేస్తుంది. ఇది నేనంటున్న మాట కాదు."

అని హ్యాండ్‌బ్యాగు తెరిచి నీలం అట్ట పుస్తకం తీసింది.

నాకు మొదట అర్థం కాలేదు. దాన్ని అక్కడ, ఆ బల్ల మీద, బిల్లుల కట్టల పక్కన చూడటం ఎలా ఉందంటే, ఎవరో నా లోబట్టలు తెచ్చి ఆరేసినట్టుంది. పిన్ని వేలు పెట్టి ఒక్కొక్క ముక్కా చదివి బంగ్లాలోకి మార్చి చెప్పింది. భయం. వణుకు. సరిగ్గా విన్నానో లేదో అని అనుమానం.

"ఇది నువ్వు చెప్పిందేనా?" అన్నాడు బిస్వాస్ బాబు.

"అది ప్రార్థన కోసం చెప్పాను, దాదా."

"దేనికోసమైనా సరే, నిజమేనా?"

"నిజమే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పిన్ని నా భుజం మీద చెయ్యి వేసి, "మేమందరం నీ కోసం మోకాళ్ళ మీద ఉన్నామమ్మా," అంది తెలుగులో. ఆ చెయ్యి నాన్న ఒళ్ళు తుడిచిన చెయ్యే. దాన్ని తోసేయడానికి నాకు అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషానికి ఇప్పటికీ నా మీద నాకు కోపం.

గురువారం పదకొండింటికి మళ్ళీ రమ్మన్నారు. ఈలోగా నేను మందులు ముట్టుకోకూడదు. ఒక ఫారం ఇచ్చారు, నా వైపు మాట రాయడానికి. తప్పు నాదని తేలితే ఉద్యోగం పోతుంది. పోయిన కారణం ఈ ఊళ్ళో మిగతా నర్సింగ్ హోమ్‌లకి సాయంత్రంలోపే తెలుస్తుంది.

కానీ ఇంటికి వెళ్ళే దారిలో నన్ను పిండేసింది ఉద్యోగం కాదు. టోటోలో కూర్చుని ఆ ఫోన్ మాటల్ని మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. "నువ్వు ఇచ్చెయ్" అందా? "ఇచ్చేశాను" అందా? ఇరవైసార్లు అనుకునేసరికి రెండూ ఆవిడ గొంతుతోనే వినిపించాయి. నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది. నిజంగా పిచ్చిదాన్నేమో అనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఫోను పట్టుకున్నది అమ్మ.

అమ్మ బియ్యం ఏరుతోంది. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మా, శనివారం ఫోన్లో పిన్ని నాతో ఏటన్నాది?"

"ఏటన్నాది... 'నువ్వు ఇచ్చెయ్' అన్నాది. 'ప్రార్థన సేసుకొని ఇచ్చెయ్' అన్నాది. నేను కరేపాకు తెమ్మన్నాను, నువ్వు తేలేదు."

నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. సంతోషంతో. నా చెవులు బాగానే ఉన్నాయి. నేను విన్నది విన్నట్టే ఉంది. అమ్మకి జరిగిందంతా చెప్పాను, పుస్తకం సంగతితో సహా. అమ్మ చేట పక్కన పెట్టి గోడ మీద నాన్న ఫోటో వంక చూస్తూ కూర్చుంది.

"దానికి ఇంకో ఏడాదే ఉన్నాదే ఉద్యోగం," అంది చివరికి. "నువ్వు సిన్నదానివి."

"అమ్మా!"

"సరే, సరే. అడిగితే సెప్తాను. విన్నది విన్నట్టు సెప్తాను." నా తల మీద చెయ్యి పెట్టింది. "ప్రభువు ఎదుట సెప్తున్నాను, సరేనా?"

ఆ రాత్రి చాలా రోజుల తరవాత నిద్రపట్టింది. పొద్దున ఫారం నింపాను. కింద "సాక్షి" అని ఒక గడి ఉంది. అందులో అమ్మ పేరు, అమ్మ ఫోన్ నంబరు రాశాను. ఆ గడి చిన్నది, అమ్మ పేరు సరిగ్గా పట్టింది.

బుధవారం ఫారం ఇచ్చేసి ఇంటికొచ్చేసరికి గిన్నెల తొట్టిలో రెండు టీ గ్లాసులున్నాయి. ఎవరొచ్చారని అడిగితే, "ఎవరో ఒకరు రారేటి?" అంది అమ్మ. నేను ఇంకేమీ అడగలేదు. ప్రతి సీసా మూడుసార్లు చదివే మనిషిని, ఆ గ్లాసుల దగ్గర మాత్రం ఒక్కసారి చూసి ఊరుకున్నాను. అమ్మ తెచ్చిన సీసా మీద పేరు ఎవరు చదువుతారు?

గురువారం పదకొండు. బిస్వాస్ బాబు బల్లకి ఇటు నేను, అటు పిన్ని. ఆయన నా ఫారం చదివి, ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కి అమ్మకి కలిపాడు. నాకు ధైర్యంగా ఉంది. పిన్ని మొహం చూశాను. ఆవిడకీ ధైర్యంగానే ఉంది. అప్పుడు నాకు ఆ రోజు మొదటిసారి భయం వేసింది.

"ప్రైజ్ ద లార్డ్," అంది అమ్మ.

"మాషీమా, నమస్కార్." పిన్నిగారూ అన్నట్టు అలా పిలిచి, ఆయన తానెవరో చెప్పి, బంగ్లాలో నెమ్మదిగా అడిగాడు. శనివారం మధ్యాహ్నం ఫోన్లో లీలావతి మీ అమ్మాయితో ఏం చెప్పింది, మీరు విన్నారట కదా, ఉన్నదున్నట్టు చెప్పండి అని.

ఫోన్లో మా వీధి చప్పుడు వినిపించింది. సైకిల్ గంట, ఎవరిదో ప్రెషర్ కుక్కరు.

"బాబూ... బంగ్లా నై ఆతా హమ్‌కో," అంది అమ్మ, తనకి బంగ్లా రాదని హిందీలో. "తెలుగు. సిరఫ్ తెలుగు."

మా అమ్మ ఖరగ్‌పూర్‌లో పుట్టింది. అరవై రెండేళ్ళుగా ఈ ఊరు దాటలేదు. గోల్‌బజార్‌లో చీరల కొట్టువాళ్ళు ఆవిడ బంగ్లా విని మేదినీపూర్ బెంగాలీ మనిషి అనుకుంటారు. రోజూ పదకొండింటికి మా వీధిలోకి కూరగాయల బండి తెచ్చే తీతు, ఆవిడ నోటికి దడిచి పక్క సందు నుంచి పారిపోవాలని చూస్తాడు. నేను ఆ సంగతి చెప్పేలోపే మేనేజరు పిన్ని వైపు తిరిగాడు.

"ఫరవాలేదు," అన్నాడు బిస్వాస్ బాబు. "లీలాదీ, మీరు తెలుగులో అడగండి."

"నేనడుగుతాను," అన్నాను.

"నువ్వు వద్దు. నీ విషయమే కదా."

పిన్ని ముందుకి వంగింది. గొంతులో తేనె. "అప్పా, నేను లీలని. ఆ రోజు ఫోన్లో నేను ఏటన్నానో నీకు సరిగ్గా గుర్తు లేదు కదా? పిండి రుబ్బే గోలలో ఉన్నాం కదా మనం."

"అమ్మా, సెప్పు!" అని అరిచాను.

అమ్మ విన్నది. నాకు తెలుసు, ఎందుకంటే ఊపిరి ఎగబీల్చింది.

"నాకు గుర్తు లేదు లీలా," అంది. "ఏటీ గుర్తు లేదు."

పిన్ని దాన్ని బంగ్లాలోకి మార్చింది, ఉన్నదున్నట్టే. నేను ఆ బల్ల అంచు పట్టుకున్నాను. నాలుగు శ్వాసలు తీసుకోబోతే రెండో దానికే ఆగిపోయింది. తల మీద పెట్టిన చెయ్యి బరువు ఇంకా తెలుస్తూనే ఉంది. నా తరఫున అబద్ధమాడమని అడగలేదు నేను. విన్నది చెప్పమన్నాను, అంతే. నా చెవులు బాగున్నాయని ఈ భూమ్మీద చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి అది చెప్పనంది.

బిస్వాస్ బాబు కలం మూత తీసి, తప్పు నాదని రాసి ఉన్న కాగితం నా ముందుకి జరిపాడు. "సంతకం పెట్టు."

అమ్మకి ఫోన్ ఆపడం రాదు. ఎప్పుడూ ఇవతలివాళ్ళే పెట్టేయాలి. ఆ గదిలో ఆ సంగతి నాకూ పిన్నికీ మాత్రమే తెలుసు. నేను అప్పుడు అది ఆలోచించే స్థితిలో లేను. పిన్ని ఆలోచించింది. ఫోన్ ఆపేయాలని చెయ్యి చాపింది కానీ బల్ల వెడల్పు ఎక్కువ.

"ఎయ్ తీతూ! పాలాచ్ఛిస్ కొథాయ్?" బల్ల మీద ఫోన్లోంచి అమ్మ గొంతు ఖంగుమంది. పారిపోతున్నావెక్కడికిరా అని. ఆ తరవాత ఆపకుండా బంగ్లా. నిన్న అంటగట్టిన ఫుల్‌కొపీ నిండా పురుగులేనట. కోస్తే సగం పారబొయ్యాల్సి వచ్చిందట. ఈ రోజు తగ్గించి ఇవ్వకపోతే కాలీఫ్లవర్ కాదు కదా, బండి మీద ఆకు కూడా ముట్టదట. వాడు "మాషీమా, మాషీమా" అని బతిమాలుతున్నాడు. అమ్మ వాడి తాత కాలం నుంచీ లెక్క తీస్తోంది.

బిస్వాస్ బాబు కలం గాల్లో ఉండిపోయింది. ఫోన్ వంక చూశాడు. బేరం మొత్తం విన్నాడు. తీతు ఒప్పుకుని తక్కెడ చప్పుడు చేసేదాకా విని, అప్పుడు ఫోన్ ఆపాడు.

"మీ అమ్మగారు మా ఆవిడ కంటే మంచి బంగ్లా మాట్లాడతారు," అన్నాడు నాతో. నవ్వలేదు. నా ముందున్న కాగితాన్ని వెనక్కి లాక్కుని సొరుగులో పెట్టాడు. "ఇది ఇప్పుడొద్దు. నువ్వు వెళ్ళు. లీలాదీ, మీరు కూర్చోండి."

పిన్ని చేతిలో నీలం అట్ట పుస్తకం ఉంది. నేను లేచి దాని కోసం చెయ్యి చాపాను. ఇచ్చేసింది. ఫిబ్రవరి రెండో శనివారం పేజీ చింపుకుని పుస్తకం తిరిగి బల్ల మీద పెట్టాను.

బయట ఎండగా ఉంది. ఉద్యోగం నిలబడేలా ఉందని తెలుస్తోంది, సంతోషం మాత్రం ఎక్కడా దొరకడం లేదు. మా అమ్మ నోరు విప్పి నన్ను కాపాడలేదు. ఫోన్ ఆపడం చేతకాక కాపాడింది. నాన్న ఒళ్ళు తుడిచినందుకు ఋణం తీర్చుకోవాలంటే తన దగ్గర ఏమున్నా ఇచ్చుకోవచ్చు. నన్నెందుకు ఇచ్చింది?

ఇంటికి వెళ్ళేసరికి పోపు వాసన. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది, నా వైపు తిరగలేదు. "వొచ్చినావా? కాళ్ళు కడుక్కో. నీ కోసం పొద్దున్నుంచీ ప్రార్థన సేస్తానే ఉన్నాను," అంది. తరవాత చాలా చిన్న గొంతుతో, "ఏటైనాది అక్కడ?" అని అడిగింది.

నేను కంచం తెచ్చుకుని పీట వేసుకుని కూర్చున్నాను.

"ఆజ్‌కేర్ ఫుల్‌కొపీ భాలో తో, మా? పొకా నేయ్?" అని అడిగాను. ఈ రోజు కాలీఫ్లవర్ బాగుందా అమ్మా, పురుగులు లేవు కదా అని.

గరిటె ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అమ్మతో నేను బంగ్లాలో మాట్లాడటం అదే మొదటిసారి. అమ్మకి ప్రతి మాటా అర్థమైంది.